ధర కనపడని లోషన్ సీసా

నన్ను విజయనగరం డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుగా వేసింది జిల్లాల గీతలు మళ్లీ గీసిన ఏడాది వేసవిలో. కరోనా మాస్కులు అప్పటికే ముక్కుల మీంచి గడ్డాల కిందకి దిగాయి. ఆగిపోయిన పెళ్లిళ్లూ బారసాలలూ అన్నీ ఒక్కుమ్మడిగా జరుగుతున్నాయి. శ్రీకాకుళంలో నాలాంటి అధికారి కుర్చీ ఖాళీగా ఉండడంతో దాన్ని కూడా నాకే తగిలించి, ‘పూర్తి అదనపు బాధ్యత’ అని గంభీరమైన పేరు పెట్టారు. పనీ తిట్లూ పూర్తిగానే వచ్చాయి. జీతం దగ్గరికి వచ్చేసరికి ‘అదనపు’ అన్న మాట ఎవరికీ గుర్తు రాలేదు.

మా ఉద్యోగం సంగతి బయటివాళ్లకి అంతగా తెలియదు. మా మేనత్త నేను రిటైరయ్యేదాకా ‘మా పిల్ల మత్తుమందుల ఆఫీసులో పని చేస్తాది’ అనే చెప్పుకుంది. నిజానికి మేం చేసేది మందుల కొట్లు తనిఖీ చేయడం, అనుమానం వచ్చిన సరుకు నమూనా తీసి ప్రభుత్వ ప్రయోగశాలకి పంపడం, తేడా వస్తే కేసు పెట్టడం. మా పైన అసిస్టెంట్ డైరెక్టర్ ఉంటారు. మేం ఏడీ గారంటాం. మందుల కొట్టుకి లైసెన్సు ఇచ్చేదీ, ఆపేదీ, పీకేసేదీ ఆయనే కాబట్టి కొట్లవాళ్లు మాకు నమస్కారం పెట్టి, ఆయనకి రెండు చేతులూ జోడిస్తారు.

మందులతో పాటు సౌందర్య సాధనాలు కూడా మా చట్టం కిందకే వస్తాయి. పౌడరు, తలనూనె, కుంకుమ, పసిపిల్లలకి రాసే లోషన్, అన్నీను. వీటిని తయారు చేయడానికి లైసెన్సు కావాలి గానీ అమ్మడానికి అక్కర్లేదు. తలనొప్పి మాత్ర అమ్మే చోట చదువుకున్న ఫార్మసిస్టు ఉండాలి. పుట్టి నెల కాని బిడ్డ ఒళ్లంతా నిలువునా పూసే లోషన్ని మాత్రం బఠాణీల బండి మీద పెట్టుకుని అమ్మినా అడిగేవాడు లేడు. చట్టం రాసినవాళ్లకి పసిపిల్లల మీద కన్నా పెద్దవాళ్ల తలనొప్పి మీద శ్రద్ధ ఎక్కువై ఉండాలి.

ఒకరోజు పొద్దున్నే ఏడీ గారు ఫోన్ చేశారు. వీడియో ఒకటి పంపించాననీ, చూసి వెంటనే కొత్తవలస వెళ్లమనీ, సాయంత్రానికి ఎవరో ఒకరి మీద చర్య కనపడాలనీ చెప్పారు. ‘ఎవరి మీద’ అన్నది నా ఇష్టానికే వదిలేశారు. పెద్ద మనసు.

ఆ వీడియో తీసింది సెల్‌ఫోన్‌లో చానల్ నడుపుకునే ఒక స్థానిక విలేకరి. ఎర్రటి అక్షరాలతో ‘పసికందు ఒంటిపై విషం’ అని మొదలుపెట్టి, వెనక గుండెలదిరే సంగీతం వేసి, మూణ్ణెల్ల పాప మెడ మీద చీము పొక్కులు చూపించాడు. తర్వాత లోషన్ సీసాని ఒక్క క్షణం చూపించాడు. ఆ తర్వాత కొత్తవలస స్టేషన్ రోడ్డులో ఒక మందుల కొట్టు బోర్డుని ముందు నుంచి, పక్క నుంచి, రోడ్డు అవతలి నుంచి తనివితీరా చూపించాడు. ఆ కొట్టుకీ ఈ సీసాకీ సంబంధం ఏమిటంటే, సీసా వచ్చింది ఆ కొట్టు పేరున్న ప్లాస్టిక్ కవర్లో. ఆ లెక్కన మా ఇంటికి పట్టుచీరల కొట్టు సంచిలో కరివేపాకు వస్తే, కరివేపాకు కంచిలో నేశారని కేసు పెట్టొచ్చు.

పాప వాళ్లు వరీ గోగూ పండించుకునే కుటుంబం. నేను వెళ్లేసరికి పాపని ఆస్పత్రి నుంచి తెచ్చి రెండు రోజులైందట. జ్వరం తగ్గింది. మెడ ముడతల్లోనూ తొడల సందుల్లోనూ పొక్కులు మాడుతున్నాయి. ఏడ్చి ఏడ్చి గొంతు రాసుకుపోయి, ఏడుపు కూడా సరిగ్గా రావడం లేదు. ఆ పాపని చూసినప్పుడు నాకు నిజంగానే ఒళ్లు మండింది. ఎవడు దొరికితే వాణ్ణి నిలువునా చీరేయాలనిపించింది. సాయంత్రానికి ఎవరో ఒకరు కావాలన్న ఏడీ గారి కోరిక ఆ నిమిషానికి నాకు సబబుగానే తోచింది.

పాప తల్లి సుజాత డిగ్రీ చదువుకున్న అమ్మాయి. బిడ్డకి ఏది రాయాలన్నా ఫోన్లో వెతికి, అందులో ఏమేం కలిపారో చదివి గానీ రాయదు. ఆ సంగతి నాకు గర్వంగానే చెప్పింది.

“కెమికల్ ఉన్నదేదీ మా పాపకి రాయను మేడం. దీంట్లో ప్రిజర్వేటివులు లేవని రాసి మరీ ఉన్నాది, సూడండి.”

చూశాను. అది ఒక్క సీసా కాదు, కానుకల పెట్టె. సబ్బు, పౌడరు, దువ్వెన, లోషన్ అందులో ఎవరి గూట్లో అవి ఉన్నాయి. పెట్టె మీద నీలికళ్ల తెల్లటి బిడ్డ, ఉత్తరాంధ్ర ఉక్కపోత అంటే ఏమిటో తెలియని నవ్వు ఒకటి నవ్వుతోంది. పక్కన ఆకుపచ్చ అక్షరాలతో ‘రసాయనాలు లేవు, నిల్వ పదార్థాలు లేవు, నూటికి నూరుపాళ్లూ ప్రకృతి’ అని ఇంగ్లీషులో ఉంది. పెట్టె అంచున రూపాయి బిళ్లంత మెరూన్ రంగు స్టిక్కర్ బొట్టు ఒకటి అంటించి ఉంది. కొత్త వస్తువుకి బొట్టు పెట్టడం మనకి అలవాటే కాబట్టి దాన్ని నేను పట్టించుకోలేదు. దైవభక్తి మా చట్టం పరిధిలోకి రాదు.

లోషన్ సీసా తిరగేశాను. వాడిన దినుసుల జాబితా శుభ్రంగా ఉంది. ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది చివర రాయాలని నియమం. ఏ లోషన్లో అయినా మొదటి పేరు నీరే. దీంట్లోనూ అంతే. తర్వాత కొబ్బరినూనె, బాదం నూనె, కలబంద, పసుపు సారం. సీసా అడుగున మాత్రం బ్లేడుతో గీకేసి ఉంది. మామూలుగా అక్కడ చిన్న చతురస్రంలో నాలుగు ముక్కలు అచ్చేసి ఉంటాయి. గరిష్ఠ ధర, బ్యాచ్ నంబరు, తయారైన నెల, వాడాల్సిన గడువు. ఆ చతురస్రం మొత్తం తెల్లగా, గరుకుగా అయిపోయింది. ఆ ముక్కలు లేని సీసా మా దృష్టిలో పేరూ ఊరూ చెప్పని మనిషి లాంటిది.

ఎవరు ఇచ్చారని పాప నాయనమ్మని అడిగాను. ఆవిడ పేరు అప్పలనరసమ్మ. గట్టి మనిషి, గట్టి గొంతు.

“బారసాలకి మా ఆడపడుచు ఎట్టినాది. పొందూరు నుంచొచ్చి, ఇదిగో ఈ కవర్లోనే సేతికిచ్చినాది. ఆ కొట్లోది కాపోతే మరెక్కడిదేటి? ఆ కోమటాయన కొట్టు మూయించీండి మేడంగారూ. ముసలి సరుకు సంటిపిల్లకి అంటగడతాడేటి?”

విప్పిన సీసాని మేం నమూనాగా తీసుకుంటే కోర్టులో నిలబడదు. నమూనా అంటే మూత విప్పనిది తీసుకోవాలి, భాగాలు చేసి సీలు వేయాలి, ఒక భాగం కొట్టువాడికే ఇవ్వాలి, ఒకటి ప్రయోగశాలకి, ఒకటి కోర్టుకి. అయితే వస్తువు వాడిన మనిషి తనంతట తానే పరీక్షకి పంపుకోవచ్చని ఇంకో సెక్షన్ ఉంది. ఆ సెక్షన్ కింద సుజాత చేత దరఖాస్తు రాయించి, సీసాని ప్రయోగశాలకి పంపే ఏర్పాటు చేశాను. ఖాళీ పెట్టెని సాక్ష్యంగా తీసుకుని స్టేషన్ రోడ్డుకి వెళ్లాను.

కొట్టు యజమాని సూర్యప్రకాశం గారు. వాళ్ల నాన్న పెట్టిన కొట్టు అది. ఇన్సులిన్ పెట్టుకునే ఫ్రిజ్‌కి కరెంటు పోతే ఆగకుండా ఇన్వర్టరు పెట్టి, తన కౌంటర్ దగ్గర మాత్రం విసనకర్రతో విసురుకునే మనిషి. వీడియో వచ్చిన దగ్గర్నుంచి కొట్లోకి ఈగ వాలలేదు. జ్వరం సిరప్ కోసం కూడా జనం విశాఖ బస్సెక్కుతున్నారు. ఆయన నాకు కుర్చీ వేసి, కొనుగోలు బిల్లులన్నీ ముందు పెట్టారు. ఆ రకం లోషన్ ఎన్నడూ తెప్పించిన దాఖలా లేదు.

“అమ్మనిదానికి బిల్లు సూపించమంటే ఎక్కణ్ణుంచి తేవాలండి? అమ్మలేదని రుజువు సేయడానికి ఏ కాయితం ఉంటాదో మీరే సెప్పండి, ఎల్లి తెస్తాను,” అన్నారాయన.

అలాంటి కాగితం ఏదీ నాకూ తెలియదు. ఉన్నది ఉన్నట్టు రిపోర్టు రాశాను. ఏడీ గారు దాన్ని ఒక చూపు చూసి పక్కన పెట్టారు. బిల్లు లేకపోతే బిల్లు లేకుండా కొన్నాడని అర్థం అన్నారు. తేదీ గీకేసిన సీసా అంటే గడువు తీరిన సరుకేననీ, కొట్టువాడు కాక ఇంకెవరు గీకుతారనీ నన్నే నిలదీశారు. లోషన్ అమ్మడానికి లైసెన్సు అక్కర్లేదు కాబట్టి లోషన్ లైసెన్సు పీకడం కుదరదు. అందుకని ఆయన మందుల లైసెన్సే పీకే పనిలో పడ్డారు. చట్టం ఒకటే, దాన్ని ఎక్కడ ఉల్లంఘించినా లైసెన్సు మీద చర్య తీసుకోవచ్చు. ఎందుకు సస్పెండు చేయకూడదో చెప్పమని నోటీసు వెళ్లింది. విచారణ మరుసటి నెలకి పడింది. విలేకరి నోటీసు మీద కూడా ఒక వీడియో చేశాడు. ఈసారి సంగీతం ఇంకా పెంచాడు.

ఆ గీకుడు మాత్రం నాకు మింగుడుపడలేదు. గడువు తేదీలు మార్చి అమ్మే ప్రబుద్ధుల్ని నా సర్వీసులో చాలామందిని చూశాను. వాళ్లు పాత తేదీని రసాయనంతో నున్నగా తుడిచి, దాని మీద కొత్తది అచ్చు వేస్తారు. చూస్తే కంపెనీవాళ్లే సిగ్గుపడాలి, అంత అందంగా. బ్లేడుతో బరబరా గీకి, ఆ గరుకు అలాగే వదిలేసి, అరలో పెట్టుకుని గిరాకీ కోసం ఎదురుచూసేంత మొద్దు వ్యాపారంలో నిలవడు. అలా గీకేది ఇంకొకళ్లున్నారు. ఆ సంగతి తట్టడానికి చట్టం చదవక్కర్లేదు. పెళ్లికిచ్చే స్టీలు బిందె మీద ధర స్టిక్కరు గోళ్లతో పీకి, జిగురు పోకపోతే కిరసనాయిలుతో తుడిచిన అనుభవం ఉంటే చాలు. కానుక ఖరీదు పుచ్చుకునేవాళ్లకి కనపడకూడదు, అది మన మర్యాద. సీసా గీకిన చెయ్యి తేదీ కోసం గీకలేదు. ధర కోసం గీకింది. పాపం తేదీ దాని పక్కింట్లో కాపురం ఉండడం వల్ల అది కూడా పోయింది.

కాబట్టి ఈ కేసులో నేను వెతకాల్సింది దొంగ వ్యాపారిని కాదు, మర్యాదస్తుల్ని. ముందు పొందూరు వెళ్లాను.

అప్పలనరసమ్మ ఆడపడుచు నూకరత్నం నాకు మంచినీళ్లిచ్చి, పెట్టె తనే కొన్నానని ఒట్టు పెట్టుకుంది. ఎక్కడ అంటే శ్రీకాకుళం అంది. ఏ కొట్టు అంటే పెద్ద కొట్టు అంది. కొత్తవలస కొట్టు కవరు ఎలా వచ్చిందని అడిగితే మాత్రం వెంటనే చెప్పింది. రైలు దిగాక తలనొప్పిగా ఉంటే స్టేషన్ రోడ్డులో మాత్రలు కొనుక్కుందట. చేతిలో పెట్టె ఉందని పెద్ద కవరు అడిగితే ఆయన కాదనకుండా ఇచ్చాడట. సూర్యప్రకాశం గారు చేసిన నేరం నాకు మొదటిసారి స్పష్టంగా అర్థమైంది. అడిగిన కవరు ఇచ్చాడు.

ఆ పెట్టె ఎవరిచ్చారని ఇంకోసారి అడిగాను. సోదా చేసే అధికారం, జప్తు చేసే అధికారం, కొట్టు తలుపులు మూయించే అధికారం చట్టం నాకు ఇచ్చింది. తనకి ఎవరో పెట్టిన కానుకని ఇంకొకరికి పెట్టానని ఒక గృహిణి చేత ఒప్పించే అధికారం మాత్రం ఏ సెక్షన్లోనూ లేదు. నూకరత్నం లేచింది. కోడల్ని టీ పెట్టమని వంటింట్లోకి తోసి, వీధి తలుపు దగ్గరగా వేసి, నా చెవి దగ్గర గొణిగింది.

“నాను కొన్లేదమ్మా. రామతీర్థంలో మా వియ్యపురాలు రాములమ్మ మా మనవడికి ఎట్టినాది. సబ్బూ పౌడరూ మేం వాడీసి, కొత్తవి కొని ఆ గూళ్లలో ఎట్టినాను, ఒట్టి గూళ్లు బాగోవు కదా. లోషను ముట్టనేదు. నలుగెట్టి ఆవుదం రాసే ఇంట్లో లోషనేటికి? ఈ మాట మా వదినకి తెలిస్తే నన్ను బతకనిస్తాదా?”

ఆ కుటుంబ మర్యాద అంతా కలిసి అందరికన్నా పాత వస్తువునే భద్రంగా కాపాడుకుంటూ వచ్చిందన్న మాట. ఇదంతా రాసి సంతకం పెట్టమంటే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

రామతీర్థంలో రాములమ్మ అంతకన్నా సులువైన మనిషి. పెట్టె ఫొటో నా ఫోన్లో చూడగానే పకపకా నవ్వింది.

“ఇది మా ఇంటికి కొత్తవలస అప్పలనరసమ్మొదిన ఎట్టినాది. కరోనాకి ముందు మా పెద్ద మనవరాలి బారసాలకి పొందూరు వచ్చినప్పుడు నా సేతిలో ఎట్టినాది. రేటు కనపడకుండా పెట్టెకి బొట్టంటించీసినాది సూడండి, ఆవిడ నొసటి మీద ఎట్టుకునే బొట్టే. ఇంటికొచ్చాక మేం సూసి ఒకటే నవ్వు. మా ఇంట్లో బీరువాలోనే ఉండిపోనాది. కరోనాలో పండగల్లేవు, పబ్బాల్లేవు, ఎవులకని ఎడతాం?”

ఆ పెట్టె కొత్తవలసలో బయల్దేరి, పొందూరులో చేతులు మారి, రామతీర్థంలో బీరువా ఉక్కలో ఏళ్లు గడిపి, మళ్లీ పొందూరు వెళ్లి, చివరికి బయల్దేరిన ఇంటికే చేరింది. దారిలో ప్రతి ఇంటా గౌరవమే పొందింది. ఎక్కడా ఎవరూ లోషన్ మూత విప్పలేదు. విప్పింది ఆఖరి ఇంట్లో, మూణ్ణెల్ల పాప కోసం.

ఇంతలో ప్రయోగశాల రిపోర్టు వచ్చింది. సీసం లేదు, పాదరసం లేదు, నిషేధించిన దినుసు ఏదీ లేదు. జాబితాలో ఏం రాశారో అదే ఉంది, కంపెనీ అబద్ధం ఆడలేదు. ఉన్నదల్లా సూక్ష్మజీవులు. పసిపిల్లల సామానుకి ఆ పరిమితి పెద్దవాళ్లకన్నా బిగువుగా ఉంటుంది. ఈ సీసా ఆ పరిమితిని ఎప్పుడో దాటేసింది. ఏడీ గారు ‘చూశారా, కల్తీ’ అన్నారు.

కల్తీ కాదని ఆయనకి వివరించాల్సి వచ్చింది. లోషన్ అంటే నీరూ నూనే కలిపి చిలికినది. నీరున్న చోటికి క్రిములు పిలవకుండానే వస్తాయి. అవి పెరగకుండా కంపెనీలు నిల్వ పదార్థం రవ్వంత వేస్తాయి. ఎంత వేయొచ్చో, ఏది వేయకూడదో నియమాలున్నాయి. వాటిలో ఒకటీ రెండింటి మీద పసిపిల్లల విషయంలో అభ్యంతరాలు ఉన్న మాటా నిజమే. అయితే వాట్సాప్‌కి అంత ఓపిక ఉండదు. నిల్వ పదార్థం అంటే విషం అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. ఆ భయానికి ఈ కంపెనీ అసలు ఏమీ వేయకుండా, దాన్నే గొప్పగా పెట్టె మీద రాసుకుని, గడువు మాత్రం కొన్ని నెలలే పెట్టింది. ఆ గడువులోపల వాడితే గొడవ లేకపోయేది. సుజాత జాబితాలో లేనిదాన్ని చూసి మురిసింది. పాప ఒళ్లు చీము పట్టింది సరిగ్గా ఆ లేనిదాని వల్లే.

విచారణకి ముందు రోజు కొత్తవలస వెళ్లాను. ఇద్దరు వియ్యపురాళ్లూ సంతకం పెట్టేది లేదన్నారు. పెట్టెకి అంటించిన బొట్టు సంగతి చెప్పగల మనిషి ఒక్కరే మిగిలారు. ఆవిడ నోరు విప్పకపోతే సూర్యప్రకాశం గారి లైసెన్సు పోతుంది. వాళ్ల నాన్న పెట్టిన కొట్టు మూతపడుతుంది. అప్పలనరసమ్మకి ఈ మాటలే చెప్పి, పెట్టె ఫొటో చూపించి, ఈ బొట్టు ఎవరిదని అడిగాను.

ఆవిడ మొదట నా మీద ఇంతెత్తున లేచింది. ఊళ్లో ఉన్న ఆడాళ్లందరూ బొట్టు పెట్టుకుంటారనీ, బొట్టుకి పేరు రాసుంటుందా అనీ అడిగింది. అంతలో పాప లోపల ఏడ్చింది. ఆవిడ అటు తిరిగి చూసింది. ఫోన్‌ని కళ్ల దగ్గరికి తీసుకుని చాలాసేపు చూసింది. నుదుటి మీద ఉన్న మెరూన్ బొట్టుని తెలియకుండానే వేలితో తడుముకుంది. పైడితల్లమ్మ జాతరలో కొట్లు వేస్తే, పెట్టె మీద తెల్ల బిడ్డ ముద్దొచ్చి కొన్నానని చివరికి చెప్పింది. తక్కువకే వచ్చిందట. ఆడపడుచు ఇంట అందరూ ధర చూసి తక్కువ చేసి మాట్లాడతారని సీసా అడుగున బ్లేడుతో గీకిందట. పెట్టె గీకితే చిరుగుతుందని బొట్టు అంటించిందట. ఇన్నేళ్లకి తిరిగొస్తే అదే పెట్టె అని పోల్చుకోలేకపోయిందట. నాకు ఆవిడ మీద కోపం వచ్చింది. ఆ తర్వాత, పాపని ఎత్తుకోవడానికి లేచి, ఎత్తుకోకుండా గుమ్మంలోనే నిలబడిపోయిన ఆవిణ్ణి చూస్తే జాలి వేసింది. రేపు విజయనగరం వస్తారా అని అడిగితే పాప బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది.

విచారణ ఏడీ గారి గదిలో. సూర్యప్రకాశం గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి గోడవార నిలబడ్డారు. ఏడీ గారు నోటీసు చదివి, చెప్పుకునేది ఉంటే చెప్పమన్నారు. అమ్మలేదని ఆయన చెప్పారు. చెప్పడానికి ఆయన దగ్గర అంతకన్నా ఏమీ లేదు. నేను రిపోర్టు ముందుంచి, పెట్టె మీద స్టిక్కర్ కింద అచ్చు ఉందని అనుమానంగా ఉందనీ, సాక్షుల ముందు తీయడానికి అనుమతి కావాలనీ అడిగాను. ఏడీ గారు బొట్టు వంక చూసి ఇబ్బందిపడ్డారు. దేవుడి వస్తువేమో అన్నారు. ఇన్ని లైసెన్సులు పీకిన చెయ్యి ఒక్క బొట్టు దగ్గర ఆగింది.

అప్పుడు గుమ్మం దగ్గర అలికిడైంది. అప్పలనరసమ్మ వచ్చింది. ఎవరూ కూర్చోమనకముందే టేబుల్ దగ్గరికి నడిచింది.

“ఆ బొట్టు దేవుడిది కాదు బాబూ, నాది. నానే అంటించినాను, నానే తీస్తాను. ఈయనకీ దీనికీ ఏటీ సంబంధం లేదు. ఏ కొట్టు సరుకో ఎరక్కుండా ఈయన మీద అరిసింది నానే. రాసుకోండి, ఏలుముద్ర ఏస్తాను.”

పెట్టె అంచున గోరు పెట్టి బొట్టు ఊడదీసింది. జిగురు ఎండిపోయి సులువుగానే వచ్చింది. కింద అచ్చు చెక్కు చెదరకుండా ఉంది. ధర, బ్యాచ్, తయారైన నెల, గడువు. ఆ గడువు పాప అమ్మానాన్నల పెళ్లినాటికే తీరిపోయింది. అప్పలనరసమ్మకి చదువు రాదు. నేను చదివి చెబుతుంటే తల ఊపుతూ వింది. పెళ్లి మాట దగ్గర ఊపడం ఆపింది. ధర ఎంతో అందరికీ కనపడుతూనే ఉంది. ఎవరూ నవ్వలేదు.

ఏడీ గారు ‘చర్య అవసరం లేదు’ అని రాసి చేతులు దులుపుకున్నారు. క్షమించమనే మాటకి మా ఫైళ్లలో గడి లేదు. బ్యాచ్ నంబరు పట్టుకుని తయారీ కంపెనీ ఉన్న రాష్ట్రానికి రాశాం. ఆ చిరునామాలో ఇప్పుడు టైల్స్ కొట్టు ఉందని జవాబు వచ్చింది. విలేకరికి విషయం చెబితే, ఇందులో వీడియోకి ఏముంది మేడం అన్నాడు. పాత వీడియో ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉంది. దానికి మాత్రం గడువు ఎవరూ అచ్చు వేయలేదు.

విచారణ అయ్యాక వరండాలో అప్పలనరసమ్మ సూర్యప్రకాశం గారికి దణ్ణం పెట్టబోయింది. ఆయన పక్కకి జరిగారు. “మీ ఆడపడుచు నా దగ్గర కొన్నది తలనొప్పి మాత్రలమ్మా. అవి ఆవిడికి బాగానే పని సేసుంటాయి,” అని మాత్రం అని మెట్లు దిగి వెళ్లిపోయారు. కొట్టు మళ్లీ నెమ్మదిగా పుంజుకుంది. ఆయన ఇప్పుడు ఎవరికీ కవర్లు ఇవ్వరు. పర్యావరణం కోసమని బోర్డు పెట్టారు.

ఆ పాప మొదటి పుట్టినరోజుకి నన్ను పిలిచారు. మెడ కింద లేత మచ్చలు తప్ప పాప నిక్షేపంగా ఉంది. నూకరత్నం, రాములమ్మ కూడా వచ్చారు. ముగ్గురూ మాట్లాడుకుంటున్నారు, కానుకల విషయం తప్ప. నేను లోషన్ ఒకటి తీసుకెళ్లాను. నిల్వ పదార్థం నియమం ప్రకారం వేసినది, ధర గీకనిది, బొట్టు అంటించనిది. నా సర్వీసంతా జాబితాలో రాసినవి చదవడమే నా పని అనుకున్నాను. వస్తువులో ఏముందో చదవడం ఎంత ముఖ్యమో, అది ఎప్పటిదో చదవడం అంతే ముఖ్యమని ఈ కేసు నేర్పింది. ధరా తేదీ ఒకే చోట అచ్చు వేస్తారు, ఒకటి దాచినవాళ్లు రెండోది కూడా దాస్తారు. కనుక ఆనాటి నుంచి నేను పసిబిడ్డలకి ఇచ్చే ఏ వస్తువు మీదా ధర చెరపను.

అప్పలనరసమ్మ నా లోషన్ సీసా అందుకుని, అడుగు తిప్పి, కోడలి చేతికిచ్చి చదవమంది. సుజాత ముందు ధర చదివింది. ఆవిడ పెదవి విరిచింది. తర్వాత సుజాత గడువు చదివింది. అప్పలనరసమ్మ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుని, అప్పుడు సీసా తీసుకుని మూత విప్పింది.